నిజాముగారి గరాజూ, మా వదిన బీరువా

"ఆడవాళ్ళకి కార్ల సంగతులెందుకమ్మా, హాయిగా చీరల గురించి రాసుకోక!" అని ఎవరైనా అనబోతే ఒక్క నిమిషం ఆగమంటాను. కారు ఎవరు కొన్నా, దాని రిపేర్లకి డబ్బు వచ్చేది ఎక్కణ్ణించి? ఇంట్లో బీరువాలోంచి. ఆ తాళాలు ఎవరి కొంగున ఉంటాయో వేరే చెప్పాలా?

ఈ విషయంలో మన హైదరాబాదు చరిత్రలోనే ఒక ముచ్చటైన కథ ఉంది. ఏడో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరిలో పోయారు. మనవడు ముకర్రం జా వారసుడయ్యారు. ఆయనకి సంక్రమించింది నగలూ మేడలే కాదు. నౌకర్లూ, వాళ్ళని నమ్ముకున్నవాళ్ళూ కలిసి 14,000 మందికి పైగానట. షాండ్లియర్ల దుమ్ము దులపడానికే 38 మంది! (మన ఇంట్లో ఆ పని ఒక్క మనిషే చేస్తుంది, జీతం లేకుండా.) విలియం డాల్రింపుల్ 2007లో గార్డియన్ పత్రికకి రాసిన వ్యాసంలో గరాజు లెక్క కూడా చెప్పారు. కార్లు 60. వాటి పెట్రోలుకీ, విడిభాగాలకీ ఏటా 45,000 పౌన్లు. నడిచేవి మాత్రం నాలుగే! పట్టాభిషేకం అయ్యాక కొత్త నిజామును మోసుకు రావలసిన కారు కాస్తా మొరాయించి కూర్చుందట.

ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు మోసిన మనిషి గరాజు అది. కొనడానికి డబ్బుండటం వేరు, మేపడానికి ఓపికుండటం వేరు.

ఆ కుటుంబానిదే పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఒకటి ఇప్పుడు చౌమహల్లా పాలెస్‌లో ఉంది. చూడనివాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూడండి. లోపల సింహాసనంలాంటి ఆసనం. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశారు. తరవాత కొడుకు పండగలకీ పబ్బాలకీ తప్ప బయటికి తీయలేదు. దశాబ్దాల పాటు ఉన్నా అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. తక్కువ తిరిగిన కారంటే మనవాళ్ళు ఎగబడతారు గానీ, కదలకుండా నిలబడ్డ బండికి వేరే రోగాలుంటాయి. రబ్బరు ఎండి బీటలు వారుతుంది. టైర్లు పగుళ్ళిస్తాయి. ట్యాంకులో పెట్రోలు జిగురు కడుతుంది. వాడని కుట్టు మిషనులో నూనె గట్టిపడటం మనకి తెలిసిందేగా, అదే వరస.

ఇక మా వదిన సంగతి. జహీరాబాదు దగ్గర న్యాల్‌కల్ వాళ్ళది. బీదరు సరిహద్దు, కందులూ, జొన్నలూ, చెరుకూ పండే నేల. నిమ్జ్ అనే పారిశ్రామిక మండలం కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాల పైచిలుకు తీసుకోవాలని తలపెట్టారు. దానికి కేంద్రం తుది ఆమోదం 2016లో వచ్చింది. అన్నయ్యవాళ్ళ చేనూ అందులో పోయింది. డబ్బు చేతికొచ్చింది. ఆడపిల్ల చదువుకని వదిన సగం బ్యాంకులో వేయించింది. మిగతా సగంలో 14 లక్షలు పెట్టి అన్నయ్య హైదరాబాదు నుంచి ఒక విదేశీ కారు తెచ్చాడు. పెద్దది, ఎత్తుగా, జీపులా ఉంటుంది. లోపల మాత్రం పెళ్ళి పందిరంత సోకు. కొత్తగా 70 లక్షలట! అయిదో వంతుకే వచ్చిందని ఊరంతా చూసిపోయింది.

అసలు కిటుకు అక్కడే ఉంది. పాతబడితే కారు ధర పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. కారు 14 లక్షలదే అయినా, దాని సామాను 70 లక్షల కారు సామానే.

ఈ తరహా బళ్ళలో చాలావాటికి స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. మెత్తగా ఊయలలా పోతుంది. ఏళ్ళు గడిచి రబ్బరు పగిలితే గాలి కారిపోతుంది. దాన్ని నింపుతూ నింపుతూ కంప్రెసరు కూడా కాలిపోతుంది. తెల్లారి లేచేసరికి అన్నయ్య కారు ముందుకాళ్ళు మడిచిన ఎద్దులా వాకిట్లో కూలబడి ఉంది. ముందువైపు రెండింటికీ 1,80,000. కంప్రెసరుకి 65,000. ఇంజన్ని చల్లబరిచే నీటి గొట్టాలు ప్లాస్టిక్‌వి, వేడికి పెళుసుబారి చిట్లాయి: 40,000. నాలుగు టైర్లు 96,000. మొత్తం 3,81,000, రెండేళ్ళు తిరక్కుండానే.

ఇంకో చోద్యం చెప్పనా? డీజిలు బండి పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటుంటుంది. హైవే మీద వేడెక్కి పరుగెత్తితేనే ఆ మసి కాలిపోతుంది. చేనుకీ, చాయ్ కొట్టుకీ తిప్పితే జల్లెడ పూడుకుపోతుంది. పైకప్పు అద్దం చుట్టూ ఉండే సన్నని నీటి గొట్టాల్లో వేపాకు ఇరుక్కుంటే, వాననీరు తివాచీ కిందికి దిగి కంప్యూటరు పెట్టెని ముంచుతుంది. న్యాల్‌కల్‌లో వేపచెట్టు లేని వాకిలేది?

పోనీ, బళ్ళు తెలియని ప్రాంతమా అంటే అదీ కాదు. ఆల్విన్ కంపెనీ జపాను నిస్సాన్‌తో కలిసి ఎనభయ్యో దశకంలో జహీరాబాదులోనే చిన్న లారీలు తయారు చేసింది. తరవాత అది మహీంద్రా చేతికి వెళ్ళింది. 2013లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చింది. ట్రాక్టరు ఇంజనుని కళ్ళు మూసుకుని విప్పి బిగించే మేస్త్రీలున్నారక్కడ. ఈ కారు ముందు మాత్రం, "దీనికి కంప్యూటర్ పెట్టి చూడాలె పటేలా, నాతోని కాదు" అని చేతులు తుడుచుకున్నారు.

ముకర్రం జాకి ఆ బాధ లేదు. ఆయనకి రాజ్యం కంటే ఇంజన్లంటేనే మోజు. డెబ్బయ్యో దశకంలో ఆస్ట్రేలియా వెళ్ళి, అయిదు లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రం కొని, బుల్‌డోజర్ల కింద దూరి స్వయంగా బాగుచేసుకునేవారు. 2023లో ఇస్తాంబుల్‌లో పోయారు.

నాలుగో రిపేరుకి బ్యాంకు కాగితం విడిపించమని అన్నయ్య అడిగాడు. వదిన తాళాలగుత్తి బొడ్డులో దోపుకుంది. "చేను పోయింది, సరే అన్న. పిల్ల చదువు గూడ గా బండి కిందనే పెడ్తవా? నేనియ్య!" అంది. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు.

నాలుగో రోజు అన్నయ్యే బేరం పెట్టాడు. బీదరు నుంచి ఒక కుర్రాడొచ్చి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని మాత్రం అడిగాడు. వదిన లోపలికెళ్ళి బిల్లుల కట్ట తెచ్చి అతని ముందు పెట్టి, "ముందుగాల ఇవి సదువు బిడ్డా, మీ అమ్మకు గూడ చూపెట్టు" అంది. ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. కారు ఇంకా వేపచెట్టు కిందే ఉంది.