లినక్స్ ఫైర్‌వాల్‌లో లాకుల చరిత్ర

లినక్స్ కెర్నల్‌లోకి ఫైర్‌వాల్ 1994లో వచ్చింది. బీఎస్‌డీ నుంచి అలన్ కాక్స్ తెచ్చిన ఆ కోడుకు లాకుల (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టకుండా ఆపే తాళాల) బెడద అంతగా లేదు. అప్పటి మామూలు కంప్యూటర్లలో ఉన్నది ఒకే ప్రాసెసర్. 1996 నాటి 2.0 కెర్నల్ ఒకటికి మించిన ప్రాసెసర్లను నడిపింది గానీ, కెర్నల్ మొత్తానికీ ఒకే పెద్ద లాకు వేసి రోజులు గడిపింది. దాన్ని ముక్కలు చేయడంతో చిక్కులు మొదలయ్యాయి. 2001లో 2.4 కెర్నల్‌తో వచ్చిన ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ రూపకర్త రస్టీ రస్సెల్, కెర్నల్ లాకుల మీద ఒక మార్గదర్శిని కూడా రాశాడు. ఫైర్‌వాల్ రాసేవారికి అది తప్పనిసరి చదువు.

ఐపీటేబుల్స్‌లో నియమాల పట్టిక ఉంటుంది. వచ్చిన ప్రతి ప్యాకెట్టూ దాన్ని చదువుతుంది. మార్చాల్సి వస్తే పట్టికను మొత్తంగా మారుస్తారు. ఆండ్రాయిడ్ ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసినా ఇదే జరుగుతుంది: ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్సే. పాత పట్టికను ఒక ప్యాకెట్ ఇంకా చదువుతుండగానే దాని మెమరీని వదిలేస్తే కెర్నల్ కూలిపోతుంది.

మొదట్లో దీన్ని ఆపేందుకు రీడ్-రైట్ లాకు ఉండేది. ప్రాసెసర్లు పెరిగేకొద్దీ అది భారమైంది. 2009లో స్టీఫెన్ హెమింగర్ దాని స్థానంలో ఆర్‌సీయూ పద్ధతి తెచ్చాడు: చదివేవారికి లాకు అక్కర్లేదు, పాతది పారేసేవారే అందరి చదువూ ముగిసేదాకా ఆగాలి. ఆ ఆగడంతో పట్టిక మార్చడం బాగా నెమ్మదించింది. 2.6.30 కెర్నల్ విడుదల కాకముందే ప్రాసెసర్‌కొక లాకు పద్ధతికి మళ్లారు. 2011లో అదీ పోయి, ప్రాసెసర్‌కొక సంఖ్య మిగిలింది: ప్యాకెట్ పట్టికలో ఉన్నంతసేపూ బేసి, బయటపడ్డాక సరి.

అందులోని రేస్ (రెండు ప్రాసెసర్ల పనుల వరుస తారుమారైతే బయటపడే దోషం) దాదాపు పదేళ్లు బయటపడలేదు. కొత్త పట్టిక చిరునామా రాసి, ఆ తర్వాతే సంఖ్యను చదవాలి. మధ్యనున్న బారియర్ (ప్రాసెసర్ వరుస మార్చకుండా ఆపే ఆజ్ఞ) రాతల వరుసను మాత్రమే కాపాడేది. రాతకూ దాని వెనక వచ్చే చదువుకూ మధ్య వరుసను కాదు. ప్రాసెసర్ ఆ చదువును ముందుకు జరిపితే, సంఖ్య సరి అని తేలాక కూడా మరో ప్రాసెసర్‌లోని ప్యాకెట్ పాత పట్టికలోకే అడుగుపెట్టవచ్చు. కోడును ఎన్నిసార్లు చదివినా పట్టుబడని దోషమిది, ఎందుకంటే రాసిన వరుస సరైనదే. క్రాష్ లాగులో కనిపించేది, పట్టిక చదువుతూ కెర్నల్ చెల్లని చిరునామాను తాకిందన్న ముక్క ఒక్కటే.

2020 డిసెంబరులో దిద్దుబాటుగా మళ్లీ ఆర్‌సీయూనే చేర్చారు. 2009 నాటి జబ్బు తిరగబెట్టింది. పట్టిక మార్చడం పదింతల దాకా నెమ్మదించింది. 2021 మార్చిలో ఆ మార్పును వెనక్కి తీసుకుని, చిరునామా రాసే చోటా, సంఖ్యను బేసి చేసే చోటా రాతనూ చదువునూ రెంటినీ నిలువరించే పూర్తి బారియర్ పెట్టారు. ప్యాకెట్ దారిలో దాని భారం, నాలుగు కోర్ల మిప్స్ ప్రాసెసర్ మీద పరీక్షించి చూస్తే, కొలతకు అందలేదు.