హెలెన్ వెనక ఉన్న అక్క

షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' అనగానే చాలామందికి జేన్, రోచెస్టర్‌ల ప్రేమే గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు హెలెన్ బర్న్స్ గుర్తొస్తుంది. అమ్మానాన్నలు లేని పదేళ్ల జేన్‌కి లోవుడ్ హాస్టల్ బడిలో దొరికిన మొదటి స్నేహితురాలు. జగ్గుల్లో నీళ్లు గడ్డకట్టిన పొద్దున, గోళ్లు కడుక్కోలేదని టీచరు ఆ పిల్లని పుల్లల కట్టతో మెడ మీద కొడుతుంది. చూస్తున్న జేన్ ఉడికిపోతుంది. హెలెన్ కిక్కురుమనదు.

1847లో నవల వచ్చినప్పుడు, ఇంత ఓర్పున్న పిల్ల లోకంలో ఉంటుందా అన్నారు. ఉంది, కల్పించి రాయలేదని షార్లెట్ తన ప్రచురణ సంస్థకి ఉత్తరం రాసింది. ఆ పిల్ల షార్లెట్ పెద్దక్క మరియా. 1821లో తల్లి పోయాక చెల్లెళ్లకీ తమ్ముడికీ తల్లైంది. అప్పటికి తనకే ఏడెనిమిదేళ్లు! 1824లో తండ్రి నలుగురు ఆడపిల్లల్ని కోవన్ బ్రిడ్జ్‌లో, పాదిరీల కూతుళ్ల కోసం పెట్టిన బడిలో చేర్చాడు. చలి, చాలని తిండి, మాడిన జావ. మరియాకి క్షయ వచ్చింది. మంచం దిగలేని పిల్లని ఓ టీచరు చెయ్యి పట్టి గది మధ్యకి లాగి తిట్టిందట. అక్కడ చదివిన ఒకామె చెప్పిన ఈ సంగతిని ఎలిజబెత్ గాస్కెల్ 1857లో షార్లెట్ జీవితచరిత్రలో రాసింది. ఈ పేజీ చదివాక ఆ పూట నాకు అన్నం సహించలేదు.

1825 ఫిబ్రవరిలో మరియాని ఇంటికి తీసుకెళ్లారు. మే 6న పోయింది. తొమ్మిదేళ్ల షార్లెట్ ఇంకా బడిలోనే ఉంది. ఆరు వారాలు తిరక్కుండానే రెండో అక్క ఎలిజబెత్ కూడా పోయింది.

నవలలో అలా జరగదు. హెలెన్‌ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. తండ్రి ఉన్నాడు గానీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, నేను లేని లోటు ఆయనకి పెద్దగా తెలియదులే అంటుంది ఆ పిల్లే. బడంతా టైఫస్ జ్వరాలు. ఆ రాత్రి జేన్ ఎవరికీ తెలియకుండా చెప్పుల్లేకుండా నడిచి, హెలెన్ పక్కలో చేరి, మెడ చుట్టూ చేతులేసి నిద్రపోతుంది. తెల్లారేసరికి హెలెన్ ఉండదు.

అక్కని స్నేహితురాలిగా ఎందుకు మార్చింది అంటే, నాకు తోచేది ఇదే. చెల్లెలికి దొరకని ఆ రాత్రిని స్నేహితురాలికి ఇచ్చింది.

పదిహేనేళ్లపాటు హెలెన్ సమాధి మీద గడ్డి తప్ప ఏమీ లేదని, ఇప్పుడు బూడిదరంగు చలువరాయి ఉందని చెబుతుంది జేన్. ఎవరు పెట్టించారో మాత్రం చెప్పదు.