ఎముక అంటు

మన భాషలో 'అంటు' అను మాటకు రెండర్థములు కలవు. జగిత్యాల మామిడితోటలలో కొమ్మను మొక్కకు కట్టి బ్రదికించుట అంటు. శవమును తాకినవారికి కలుగునను మైలయు నంటే. ఎముకను అతికించు వైద్యచరిత్రలో ఈ రెండర్థములును పెనగులాడినవి.

1668లో వెలువడిన హాలెండు వైద్యుడు వాన్ మేకరన్ గ్రంథమున ఒక వృత్తాంతము కలదు. కత్తివేటుకు పుఱ్ఱె పగిలిన రష్యను సైనికునకు కుక్క పుఱ్ఱెముక్కను అమర్చి గాయము మాన్పిరట. మతాధికారు లాతనిని వెలివేసిరి. వెలి బాపుకొనుటకై ఆ ముక్కను తీయుడని యతడు వేడగా, అది యప్పటికే గట్టిగా అతికియుండెను. దేహ మంగీకరించిన దానిని సంఘ మంగీకరింపలేదు.

మన పల్లెలలో గూనిని పూర్వజన్మ పాపమనిరి. వెన్నుపూసలను తినివేయు క్షయ దానికొక కారణమని తేలినది. ఆ క్రిమిని 1882లో కాక్ పండితుడు కనుగొనెను. 1911లో న్యూయార్కు నగరమున హిబ్స్ రోగి వెన్నుపూసల ఎముకనే చీల్చి వంతెనగా పఱచెను. ఆల్బీ కాలి ఎముకనుండి బద్దను తీసి పూసల నడుమ నాటెను. నేడు వెన్నుక్షయ చాలమందికి మందులతోనే కుదురును. శస్త్రము కొందఱికే వలయును.

మామిడి అంటు తానే చిగిర్చి కాయును. ఎముక అంటు చాలవఱకు క్రమముగా కరగిపోవుచు, క్రొత్త యెముకకు తావిచ్చును. అందులకు ఆధారమైన కట్టుబడి, ప్రేరకద్రవ్యము, జీవకణములు అను మూడును కావలెను. రోగి తుంటినుండి తీసిన యెముకలో ఈ మూడును గలవు. కాని యది కొంచెమే లభించును, తీసినచోట నొప్పియు మిగులవచ్చును. కాల్షియం ఫాస్ఫేటు పింగాణి కట్టుబడి మాత్రమే యగును. 1965లో యూరిస్టు ఎముకలోని ప్రేరకశక్తిని నిరూపించెను. ఆ జాతి ప్రోటీను నొకదానిని 2002లో అమెరికా ప్రభుత్వ మనుమతించెను. అయినను దాని వెల హెచ్చు, ఉపద్రవములును లేకపోలేదు.

కావుననే పరుల యెముకకు విలువ కలిగినది. తుంటికీలు మార్చునపుడు తీసివేసిన తొడయెముక తలను, మృతులు దానమిచ్చిన యెముకలను పరీక్షించి, శుద్ధిచేసి నిలువయుంతురు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో ఇట్టి భాండాగారము 1988లో వెలసెను.

సిరిసిల్ల మరమగ్గముకడ నిలుచువారికిని, కోరుట్లలో ఒడిలో చాట పెట్టుకొని దినమెల్ల వంగి బీడీలు చుట్టు స్త్రీలకును నడుమునొప్పి కొత్త కాదు. వారిలో పెక్కురకు శస్త్రముతో పనిలేదు. కాని నొప్పిని తలవ్రాతయని యోర్చుకొనక, వేళకు వైద్యుని చూచుట యవసరము. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను వైద్యకళాశాలలు వెలసినవి.

వెన్నెముక నిచ్చిన దధీచిని పురాణకాలక్షేపమున కీర్తించి, ఇంటిలో మృతుని యెముక దానమన్నంతనే చెవులు మూసికొనుట మనకు తగునా? కాష్ఠమున బూడిదయగు నెముక ఒక నేతగాని వెన్నును నిలుపగలిగినచో, అందు మైల యెక్కడిది?