మాజీ సైనికుల విద్యా సదుపాయాలు

మాజీ సైనికుల విద్యా సదుపాయాలు అనగా భారత సైనిక, నౌకా, వైమానిక దళాలలో పనిచేసి విరమణ పొందినవారికి, వారి భార్యలకు, పిల్లలకు చదువు నిమిత్తం ప్రభుత్వం కల్పించే శిక్షణలు, ఉపకార వేతనాలు, కళాశాల ప్రవేశాలలో కేటాయింపులు. సైన్యంలో సిపాయి 15 సంవత్సరాల సేవతో పింఛనుకు అర్హుడవుతాడు. ఇతర ఉద్యోగులు 60 ఏళ్ళ ప్రాయంలో విరమణ పొందుతుండగా, సిపాయిలలో అనేకులు నలభై ఏళ్ళ ప్రాయంలోనే ఇంటికి తిరిగివస్తారు. అప్పటికి వారి పిల్లలు బడిలోనే ఉంటారు. వారికి మరొక ఉద్యోగం అవసరమవుతుంది. ఈ సదుపాయాల ప్రాముఖ్యం ఇక్కడే ఉన్నది.

నిర్వహించే సంస్థలు

రక్షణ మంత్రిత్వ శాఖలో మాజీ సైనికుల సంక్షేమ విభాగం 2004లో ఏర్పడింది. దీని కింద రెండు ముఖ్య సంస్థలున్నాయి. పునరావాస డైరెక్టరేట్ జనరల్ విరమణ పొందబోయేవారికి శిక్షణ ఇప్పిస్తుంది. కేంద్రీయ సైనిక్ బోర్డు ఉపకార వేతనాలను, ఆర్థిక సహాయాన్ని చూస్తుంది. రాష్ట్రాలలో సైనిక సంక్షేమ శాఖలు, జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయాలు కేంద్రీయ బోర్డుకు అనుసంధానంగా పనిచేస్తాయి. ఈ సహాయానికి కావలసిన ధనంలో కొంత భాగం సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుండి వస్తుంది. 1949 నుండి ఏటా డిసెంబరు 7న జరిగే పతాక దినోత్సవం నాడు పాఠశాలలలో విద్యార్థులకు అమ్మే చిన్న జెండాల సొమ్ము ఈ నిధికే చేరుతుంది.

సైనికుని స్వంత చదువు

పునరావాస శిక్షణ: విరమణకు ముందు కాలంలో సైనికులు పునరావాస డైరెక్టరేట్ నిర్వహించే కోర్సులలో చేరవచ్చును. అధికారులకు భారతీయ యాజమాన్య సంస్థల వంటి చోట్ల 24 వారాల మేనేజిమెంటు కోర్సులున్నాయి. ఫీజులో 60 శాతం ప్రభుత్వం, 40 శాతం అధికారి భరిస్తారు. జూనియర్ కమిషన్డ్ అధికారులకు, జవాన్లకు శిక్షణ ఉచితం. విరమణ దగ్గరపడకముందే దరఖాస్తు చేసుకోవాలి గనుక, ఇంటికి వచ్చిన తరువాత విచారించేవారికి ఈ అవకాశం చేజారిపోతుంది.

డిగ్రీకి సమానత: మెట్రిక్యులేషన్ గానీ, భారత సైన్యపు ప్రత్యేక విద్యా ధ్రువపత్రం గానీ కలిగి, 15 ఏళ్ళకు తక్కువ కాకుండా సేవ చేసిన మాజీ సైనికుడు, డిగ్రీ కనీసార్హతగా గల కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాలకు అర్హుడు. సాంకేతిక, వృత్తి విద్యార్హతలు తప్పనిసరి అయిన ఉద్యోగాలకు ఇది వర్తించదు. దీనిని విశ్వవిద్యాలయ పట్టాగా భావించరాదు. ఇది ఉద్యోగ నియామకాలకు మాత్రమే ఉద్దేశించిన సడలింపు. దీని ఆధారంగా ఎం.ఏ.లో గానీ, బి.ఇడి.లో గానీ ప్రవేశం కోరడానికి వీలులేదు. అట్టి చదువులు చదవదలచినవారు డిగ్రీ పూర్తి చేయవలసినదే.

దూరవిద్య: ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదవడానికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనువైనవి. రెండవది 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా స్థాపించబడింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం.

పిల్లల, వితంతువుల చదువు

ప్రధానమంత్రి ఉపకార వేతనం: 2006-07లో ప్రారంభమైన ఈ పథకం మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు వర్తిస్తుంది. ఇంజనీరింగు, వైద్యం, బి.ఇడి., ఎం.బి.ఏ. వంటి వృత్తి విద్యా కోర్సులలో మొదటి సంవత్సరం చేరినవారు దరఖాస్తు చేయాలి. ప్రవేశార్హత పరీక్షలో, అనగా ఇంటర్మీడియట్, డిప్లొమా లేదా డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. ఏటా 5,500 మందిని ఎంపిక చేస్తారు. వీరిలో సగం బాలురు, సగం బాలికలు. 2019లో పెంచిన ప్రకారం బాలురకు నెలకు రూ. 2,500, బాలికలకు రూ. 3,000 చెల్లిస్తారు. అనగా సంవత్సరానికి బాలునికి రూ. 30,000, బాలికకు రూ. 36,000. దూరవిద్యా కోర్సులకు, విదేశీ చదువులకు ఇది వర్తించదు.

విద్యా గ్రాంటు: హవల్దారు, తత్సమాన హోదా, అంతకు దిగువ హోదాలలో విరమణ పొందినవారి పిల్లలలో ఇద్దరికి 1వ తరగతి నుండి డిగ్రీ వరకు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుండి గ్రాంటు లభిస్తుంది. రెండేళ్ళ స్నాతకోత్తర కోర్సు చదివే వితంతువులు కూడా అర్హులే. నెలకు రూ. 1,000గా ఉన్న ఈ మొత్తాన్ని 2025 అక్టోబరులో రూ. 2,000కు పెంచారు. ఈ పెంపు 2025 నవంబరు 1 నుండి వచ్చిన దరఖాస్తులకు వర్తిస్తుంది.

యుద్ధ బాధితుల పిల్లలు: 1971 యుద్ధం తరువాత, యుద్ధంలో మరణించిన, ఆచూకీ తెలియకుండా పోయిన, శాశ్వత వికలాంగులైన సైనికుల పిల్లలకు ట్యూషన్ ఫీజు, వసతిగృహ ఖర్చు మొదలగునవి పూర్తిగా చెల్లించే ఏర్పాటు జరిగింది. 2017లో దీనిపై నెలకు రూ. 10,000 పరిమితి విధించారు. దీనికి వ్యతిరేకత రాగా 2018లో ఆ పరిమితిని తొలగించారు.

ప్రవేశాలలో కేటాయింపు: తెలంగాణలో ఇంజనీరింగు ప్రవేశాలలో కన్వీనరు కోటా సీట్లలో 2 శాతం సైనికుల పిల్లలకు కేటాయిస్తారు. ఈ విభాగాన్ని క్యాప్ అంటారు. మార్కుల కంటె ముందు ప్రాధాన్య క్రమం చూస్తారు. యుద్ధంలో మరణించినవారి, వికలాంగులైనవారి పిల్లలు ముందు వరుసలో ఉంటారు. తండ్రి బదిలీల వలన ఇతర రాష్ట్రాలలో చదివిన పిల్లలు స్థానికత నిబంధనలను ముందుగానే చూసుకోవడం అవసరం.

అగ్నివీరులు

2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారి సేవాకాలం 4 సంవత్సరాలు. శాశ్వత సేవకు ఎంపిక కాని అగ్నివీరులకు పింఛను గానీ, మాజీ సైనిక హోదా గానీ లేవు. కావున పైన చెప్పిన పథకాలు వారికి ఆ హోదాలో వర్తించవు. వారికై ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం ప్రత్యేక డిగ్రీ కోర్సును రూపొందించింది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో సగం సైనిక శిక్షణకు లభిస్తాయి, మిగిలిన సగం పాఠ్యాంశాలు చదివి సంపాదించుకోవాలి. ఒక సంవత్సరంతో సర్టిఫికెట్, రెండింటితో డిప్లొమా, మూడింటితో డిగ్రీ ఇస్తారు.

ఖమ్మం జిల్లాలో

సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి డోర్నకల్ - భద్రాచలం రోడ్ రైలు మార్గంలో జంక్షను. ఇల్లందుకు మార్గం ఇక్కడే చీలుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఇల్లందు, భద్రాచలం, కొత్తగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరగా, కారేపల్లి ఖమ్మం జిల్లాలోనే ఉండిపోయింది. ఈ ప్రాంతపు మాజీ సైనికులు ఖమ్మంలోని సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవలసి ఉంటుంది. అంబేడ్కర్ విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రం ఖమ్మంలోని ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. ప్రభుత్వ కళాశాలలో ఉన్నది.

ఈ అటవీ ప్రాంతంలో కేంద్ర రిజర్వు పోలీసు దళం వంటి దళాలు సుపరిచితం. ఆ దళాలు హోం మంత్రిత్వ శాఖకు చెందినవి కావున, వాటిలో విరమణ పొందినవారు సైనిక సంక్షేమ కార్యాలయం పరిధిలోకి రారు. వారి పిల్లలకు ప్రధానమంత్రి ఉపకార వేతనం ఆ మంత్రిత్వ శాఖ ద్వారా వేరుగా అందుతుంది. 2019లో దీనిని ఉగ్రవాద, నక్సలైటు దాడులలో మరణించిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా విస్తరించి, ఏటా 500 మందికి కోటా నిర్ణయించారు.

దరఖాస్తులో జాగ్రత్తలు

డిశ్చార్జి పుస్తకం, పింఛను చెల్లింపు ఉత్తర్వు, మాజీ సైనిక గుర్తింపు కార్డు, మార్కుల జాబితాలు, బ్యాంకు ఖాతా వివరాలు ముఖ్యమైనవి. దరఖాస్తును కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో నింపి, మూల పత్రాలను జిల్లా కార్యాలయంలో చూపించాలి.

దరఖాస్తులకు తరచుగా ఎదురయ్యే చిక్కు పేర్లలో తేడా. తెలుగువారి బడి రికార్డులలో ఇంటిపేరు పొడి అక్షరాలతో ముందు ఉంటుంది. సైనిక రికార్డులలో పేరు విస్తరించి, కొన్నిసార్లు క్రమం మార్చి వ్రాయబడుతుంది. పిల్లల పేరు, పుట్టిన తేదీ డిశ్చార్జి పుస్తకంలో ఒక విధంగా, పదవ తరగతి ధ్రువపత్రంలో మరొక విధంగా ఉంటే దరఖాస్తు నిలిచిపోతుంది. సంబంధిత రికార్డు కార్యాలయం ద్వారా దిద్దుబాటుకు కాలం పడుతుంది గనుక, పిల్లలు పదవ తరగతిలో ఉండగానే సరిచూసుకోవడం మేలు.

ఇతర దేశాలతో పోలిక

అమెరికాలో 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టం, జి.ఐ. బిల్లుగా ప్రసిద్ధి చెందినది, సైనికుని స్వంత చదువుకే ప్రభుత్వం ఖర్చు భరించే పద్ధతిని నెలకొల్పింది. 1947లో అక్కడి కళాశాలలలో చేరినవారిలో సుమారు సగం మంది మాజీ సైనికులే. 1956 నాటికి రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సుమారు 1.6 కోట్ల మందిలో 78 లక్షల మంది ఈ చట్టం కింద చదువు లేదా శిక్షణ పొందారు. 2009 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం 36 నెలల చదువుకు సహాయం ఇస్తుంది. భారతదేశంలో సహాయం ప్రధానంగా పిల్లల చదువుకు అందుతుంది. సైనికునికి మాత్రం స్వల్పకాలిక శిక్షణ, ఉద్యోగార్హతలో సడలింపు లభిస్తున్నాయి. విరమణ తరువాత అతడు డిగ్రీ చదవదలచినచో ఫీజు సాధారణంగా తానే భరించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

కేంద్రీయ సైనిక్ బోర్డు
సాయుధ దళాల పతాక దినోత్సవం
అగ్నిపథ్ పథకం
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం
సింగరేణి మండలం