కాలనీ: ఒక ఇంగ్లీషు మాట, మన వాడల చరిత్ర

‘కాలనీ’ ఇవాళ తెలంగాణ పల్లెల్లో తెలుగు మాట కిందే లెక్క. ఆత్మకూర్, అమరచింత, మక్తల్ దిక్కు ఏ ఊరికి పోయి ‘కాలనీ యాడుంది?’ అని అడిగినా చెయ్యి ఏ దిక్కు చూపిస్తారో మనకు తెలుసు. ‘కాలనోళ్లు’ అంటే ఎవరో కూడా తెలుసు. నోట కులం పేరెత్తకుండా కులాన్ని చెప్పే సౌకర్యం ఈ మాటలో ఉంది. దీని అసలు అర్థమేమిటి, మన వాడలకు ఇది ఎట్లా అంటుకుంది, దీన్ని మనం ఒప్పుకోవాలా అన్న ప్రశ్నలను భూమి చరిత్రతో కలిపి చూడవలసి ఉంటుంది.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘కొలోనియా’. ‘కొలోనుస్’ అంటే భూమి దున్నేవాడు, సేద్యగాడు. రోమన్లు తాము గెలిచిన దేశాల్లో మాజీ సైనికులకు భూములిచ్చి నిలబెట్టిన ఊర్లను కొలోనియా అన్నారు. జర్మనీలోని కొలోన్ నగరానికి ఆ పేరు అట్లనే వచ్చింది. తర్వాత ఐరోపావాళ్లు సముద్రాలు దాటి ఆక్రమించిన దేశాలు కాలనీలయినాయి. 1776లో ఇంగ్లాండు మీద తిరగబడి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 అమెరికా రాష్ట్రాలు అప్పటిదాకా కాలనీలే. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ‘వలస రాజ్యం’ అని తెలుగు చేసినయి. అంటే ఈ మాటలో రెండు సంగతులున్నాయి: బయటి నుంచి వచ్చి స్థిరపడటం ఒకటి, భూమి చేతికి రావడం రెండు.

ఈ రెండిట్లో ఏది మన వాడకు వర్తిస్తుంది? నిజాం రాజ్యంలో ఆత్మకూర్ ఒక సంస్థానం. గద్వాల, వనపర్తి, జటప్రోలు లాగానే ఇక్కడ కూడా పైన నిజాం, కింద రాజా, ఊర్లల్ల పటేల్, పట్వారీలు. భూమి వాళ్ల లెక్కల్ల ఉంటే వెట్టి మన లెక్కల్ల ఉండింది. మోటకు తోలు తొండం కుట్టింది మాదిగలు. చెరువు నీళ్లు పారించే నీరడి పని, సర్కారు మూటలు మోసే బేగారి పని ఎక్కువగా మాల మాదిగల నెత్తినే పడ్డాయి. తరతరాలుగా ఆ చెరువుకు, ఆ మోటకు కట్టుబడ్డ ఈ మనుషులు వలస వచ్చినోళ్లు ఎట్లా అవుతారు?

ఈ ప్రశ్నకు జవాబు మన ఉద్యమం ఏనాడో చెప్పింది. హైదరాబాదుకు చెందిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన 1917లో బెజవాడలో జరిగిన సభ ‘పంచమ’ అన్న పేరును కాదని ‘ఆది ఆంధ్ర’ అన్నది. ఈ నేలకు మొదటి మనుషులం మేమే అన్న ప్రకటన అది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ‘ఆది హిందూ’ పేరు ఎక్కిందంటే ఆయన పోరాటం వల్లనే. ‘ఆది’ అని చెప్పుకున్న జనానికి, వచ్చి చేరినోళ్లు అనే అర్థమున్న పేరు తగిలించడమంటే ఆ చరిత్రను చెరిపివేయడమే.

మా దిక్కు పాత మాట ‘గేరి’. నల్లగొండ దిక్కు ‘వాడ’, ‘గూడెం’. తర్వాత కాంగ్రెస్ రాజకీయాలతో ‘హరిజనవాడ’ వచ్చింది. బలహీన వర్గాల ఇండ్ల పథకాలతో ‘కాలనీ’ వ్యాపించింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. పాత వాడ పక్కనో, ఊరికి ఇంకింత దూరంగానో జాగ చూసి పట్టాలిచ్చారు. పక్కా ఇల్లు, ఆడమనిషి పేరున పట్టా చిన్న సంగతులేమీ కావు. అయితే వచ్చింది ఇంటి జాగ వరకే. సేద్యం భూమి రాలేదు. రోమన్ సైనికునికి కాలనీ అంటే పొలం, మనకు కాలనీ అంటే పొద్దున లేచి ఇంకొకరి పొలానికి కూలికి పోయే చోటు.

అంబేడ్కర్ అడిగింది ఇది కాదు. 1942లో నాగపూర్‌లో జరిగిన నిమ్న వర్గాల మహాసభ షెడ్యూల్డు కులాలకు ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఆయన దీన్ని రాజ్యాంగ హక్కుగా పెట్టాలన్నారు. సాగులో లేని సర్కారు భూములను ఇందుకోసం సెటిల్‌మెంట్ కమిషన్ చేతిలో పెట్టాలన్నారు. భూమి ఉండి, ఊరి పెత్తనం లేని ఊర్లు ఆయన ఆలోచన. సర్కారు వేరు చేసింది గాని, భూమి లేకుండా, ఊరి పెత్తనం కిందనే వేరు చేసింది.

ఇదే మాట హైదరాబాదుకు పోతే అర్థం మార్చుకుంటది. అక్కడ ఆఫీసర్స్ కాలనీ, టీచర్స్ కాలనీ అంటే గౌరవం. ఆ కాలనీలకు ఇటుకలు మోసింది, పునాదులు తవ్వింది మన పాలమూరు లేబరే. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఉద్యోగుల కోసం కట్టిన విజయనగర్ కాలనీ ఒకటుంది. చీరాలలో ఇంకొక విజయనగర్ కాలనీ ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన తర్వాత, ఊరు విడిచి వచ్చినవాళ్లు నిలబెట్టుకున్న వాడ అది. బయటి నుంచి వచ్చి స్థిరపడటం అనే అర్థంలో చూస్తే ఈ మాట సరిగ్గా అతికేది అక్కడే. ఆ సరైన అర్థం కోసం ఆరు ప్రాణాలు పోవలసి వచ్చింది.

2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, ‘కాలనీ’ అంటరానితనానికి గుర్తుగా మారిందని, సర్కారు రికార్డుల నుంచి దాన్ని తొలగిస్తామని శాసనసభలో ప్రకటించారు. తెలుగు రాష్ట్రాలు కూడా ఆ పని చేయవలసిందే. అయితే 1982లోనే కేంద్ర హోం శాఖ కుల పత్రాల్లో ‘హరిజన’ రాయవద్దని చెప్పినా ఆ మాట ఊర్ల నుంచి పోలేదని మరువగూడదు. కొత్త పేరు పైనుంచి వచ్చి పడకుండా, ఆ వాడ మనుషులే కూర్చొని పెట్టుకోవాలి. పేరుతో పాటు భూమి అడగాలి.

విద్యార్థులకు, టీచర్లకు ఇందులో ఒక పని ఉంది. మీ మండల ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి. పట్టాదారు గడిలో ఎవరి పేర్లున్నాయి, కాస్తుదారు గడిలో ఎవరి పేర్లున్నాయి, మన వాడ పక్కనున్న సర్కారు భూమి తర్వాత ఎవరి చేతికి పోయింది, రాసి పెట్టండి. కాలనీ అన్న మాట మీద మన వాదనకు అదే సాక్ష్యం.