ప్లగ్గు కథ

ఇళ్లలో హెడ్‌ఫోన్‌కు వాడే ప్లగ్గు పుట్టిల్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి. 19వ శతాబ్దంలో ఆపరేటర్లు ఒక చందాదారును మరొకరితో కలిపేందుకు గుచ్చిన పావు అంగుళం ప్లగ్గు, గిటార్లలోనూ స్టూడియోల్లోనూ దాదాపు అదే ఆకారంలో నేటికీ ఉంది. ఇంత మొండి ఆయుష్షు ఎలక్ట్రానిక్స్‌లో అరుదు. దాని బుల్లి రూపమైన 3.5 మి.మీ. ప్లగ్గు ట్రాన్సిస్టర్ రేడియోలతో వ్యాపించింది. 1979లో సోనీ వాక్‌మన్ దాని స్టీరియో రూపాన్ని ఇంటింటి వస్తువు చేసింది.

తర్వాత తీగ లేకుండా ధ్వనిని పంపే దారి వచ్చింది: 1999లో బ్లూటూత్ తొలి ప్రమాణం వెలువడింది. 2016లో ఆపిల్ ఐఫోన్ 7లో ప్లగ్గు గుచ్చే రంధ్రాన్నే తీసేసింది. తీగ చిక్కులు పోయాయి, ఛార్జింగ్ బాధ మొదలైంది. పైగా బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపి, అవతల విప్పేసరికి కొంత ఆలస్యమవుతుంది. పాట వినేటప్పుడు అది తెలియదు. సినిమాలో, సర్దుబాటు లేకపోతే, పెదవులు కదిలాక మాట వినిపిస్తుంది. వాద్యం వాయించేవారికి ఆ కాస్త జాప్యమూ పనికిరాదు. అందుకే రికార్డింగ్ గదుల్లో తీగలే రాజ్యమేలుతున్నాయి.