తీగ మీద మౌనం: ఐర్లండు టెలిఫోను కథ

మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. టెలిఫోనులో మాత్రం మౌనానికి ఆ గౌరవం లేదు. అవతల చప్పుడు లేకపోతే లైను తెగిందనుకుని పెట్టేస్తాం. పిలిచినవారిని ఆ నిశ్శబ్దంలో వదలకుండా ఉండేందుకు పడిన పాట్లకు మనం స్థిరపడిన ఈ ఐర్లండు కూడా ఒక సాక్షి.

డబ్లిన్‌లో తొలి ఎక్స్ఛేంజి 1880లో డేమ్ స్ట్రీట్ ప్రాంతంలో వెలిసింది. చందాదారులు ఐదుగురే. అప్పుడు ఎదురుచూపు ఉండేది గాని, పలకరించే గొంతు కూడా ఉండేది. "ఉండండి, కలుపుతున్నాను" అని ఆపరేటరు అంటే సగం బెంగ తీరేది.

అమెరికాలో అంత్యక్రియల వ్యాపారి స్ట్రౌజర్, ఆపరేటర్లు తన బేరాలను పోటీదారుకు మళ్ళిస్తున్నారని అనుమానించాడట. ఆయన ఆటోమాటిక్ యంత్రానికి 1891లో పేటెంటు దక్కింది. డబ్లిన్‌కు ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి 1927లో షిప్ స్ట్రీట్‌లో వచ్చింది. మనిషి గొంతు పోయిన చోట డయల్ టోను, రింగు, ఎంగేజ్ టోను నిలిచాయి. ఈనాటి పిల్లలు వాటిని ఉత్త శబ్దాలనుకుంటారు. అవి యంత్రం చెప్పే జవాబులు. పల్లెల్లో ఆపరేటర్లు చాలాకాలం ఉన్నారు. క్లేర్ కౌంటీలోని మౌంట్‌షానన్‌లో దేశపు చివరి మాన్యువల్ ఎక్స్ఛేంజి 1987 మే 28న మూతబడింది.

అటు మన ఊళ్ళలో ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద గంటలు కూర్చున్న తరం మనదే. తీరా కలిస్తే, ఉపగ్రహం మీదుగా ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావడానికి అర సెకను పైనే. "అమ్మా" అన్న తరువాత వచ్చే ఆ అర సెకనులో ఎన్ని భయాలు!

నిరీక్షణకు సంగీతం తోడైంది 1960లలో. అమెరికాలో లెవీ అనే యజమాని ఫ్యాక్టరీలో, వదులైన తీగ ఇనుప దూలానికి తగిలి పక్కనున్న రేడియో స్టేషను పాటలు ఫోనులో వినిపించాయి. 1966లో ఆయనకు పేటెంటు వచ్చింది. నా మటుకు ఈ పాట అరకొర ఉపాయమే. లైను బతికి ఉన్నదని చెబుతుంది గాని, ఎవరైనా వస్తున్నారో లేదో చెప్పదు. మీ ముందు నలుగురున్నారు అన్న ఒక్క మాట మేలు.

డిజిటల్ లైన్లలో ఎవరూ మాట్లాడనప్పుడు శబ్దం పంపడం మానేస్తే, విన్నవారికి లైను చచ్చినట్టు తోచింది. ఇంజనీర్లు కావాలనే సన్నని హోరు కలిపారు. వెనుకటి తీగలకు సహజంగా ఉన్న చప్పుడును ఇప్పుడు తయారుచేయాల్సి వచ్చిందన్నమాట!

ఇప్పుడు యంత్రమే మాట్లాడుతుంది. మనుషుల సంభాషణలో ఇద్దరి మాటల మధ్య విరామం సుమారు సెకనులో అయిదో వంతు. యంత్రం వినాలి, వెదకాలి, జవాబు కూర్చాలి, అది దాటిపోతుంది. అందుకే పూర్తి జవాబు సిద్ధం కాకముందే మొదటి వాక్యం పలికిస్తారు, లేదా "ఒక్క క్షణం, చూస్తున్నాను" అనిపిస్తారు. ఇది లేకపోతే స్వదేశం నుంచి వచ్చిన మన అమ్మమ్మలు "హలో, హలో" అంటారు. యంత్రం ఆ హలోనే కొత్త జవాబుగా తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెడుతుంది.